అవతలి ఒడ్డు నీలిబాన

మా ఇల్లు కర్నూలులో తుంగభద్ర ఒడ్డుకు దగ్గర. వాకిట్లో నిలబడితే ఏటి అవతలి గట్టు కనబడేది. ఆ గట్టు మాది కాదు. ఇవతల ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, అవతల నిజాం రాజ్యం. మావాళ్ళు దాన్ని మొగలాయి అనేవాళ్ళు. అక్కడ చెల్లే నాణెం వేరు, కచేరీ భాష వేరు. గట్టు ఎక్కగానే సుంకం వసూలు చేసే నాకా ఉండేది. ఎండాకాలంలో ఏరు ఇసుక మధ్య పాయలుగా చీలిపోతే జనం నడిచే దాటేవాళ్ళు. వానాకాలంలో పుట్టి అనే గుండ్రటి తోలుపడవ తప్ప దారి లేదు. వరద పెద్దదైతే పుట్టి కూడా కదిలేది కాదు.

మాది నూలుకు రంగులద్దే ఇల్లు. మేం సాయిబులం, మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆడా మగా అందరం పనిచేసేవాళ్ళం. మా నాయన, చిన్నాయన, ఆయన కొడుకు, అమ్మ, నాయన తల్లి జేజి, నేను. మా చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. బజారులో కూరగాయల వాళ్ళు మా మొహాలు చూడకుండా చేతులు చూసే గుర్తుపట్టేవాళ్ళు.

నీలిరంగు మిగతా రంగుల్లాంటిది కాదు. దానికి మెడదాకా భూమిలో పాతిన పెద్ద బాన కావాలి. కడప వైపు నుంచి బండ్ల మీద వచ్చే నీలిమందు ముద్దల్ని మెత్తగా నూరి, చౌటి నీళ్ళు, సున్నపు తేట, ఉడికించిన తగిరిస గింజలు కలిపి పులియబెట్టాలి. పులుస్తున్నంత కాలం బాన బతికున్నట్టు. ఒంట్లో బాగాలేని మనిషిని చూసుకున్నట్టు పొద్దునా సాయంత్రం చూసుకోవాలి. పులుపెక్కితే సున్నం, నీరసిస్తే గింజలు. ముంచి తీసినప్పుడు నూలు ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలాక కళ్ళ ముందే నీలంగా మారుతుంది. కొత్త బాన ఎత్తాలంటే పాత బాన అడుగు మడ్డి కొంత పోయాలి. మజ్జిగ చుక్క లేకుండా పాలు తోడుకోనట్టే ఇదీ. మా మడ్డి జేజి వాళ్ళ నాయన కాలం నాటిదట.

నాకు ఊహ తెలిసేసరికి ఆ బానలు చాలావరకు పూడ్చేశారు. జర్మనీ నుంచి డబ్బాల్లో రంగుపొడి వస్తుండేది. వేణ్ణీళ్ళలో కలిపితే చాలు, ఏ రంగు కావాలంటే ఆ రంగు. నాయన కూడా దానికే అలవాటు పడ్డాడు. ఒక్క నీలిబాన మాత్రం ఉంచాడు. కోడుమూరు వైపు రైతు ఆడవాళ్ళు కట్టే ముదురు నీలం కోకలకు డబ్బా రంగు పనికొచ్చేది కాదు. ఎండకూ చెమటకూ వెలిసిపోయేది.

జర్మనీతో యుద్ధం మొదలైన కొన్నాళ్ళకు డబ్బాలు రావడం ఆగిపోయింది. ఉన్న సరుకును షావుకార్లు దాచారు. ఆ రోజుల్లోనే ఒకనాటి పొద్దున అవతలి ఒడ్డు నేతపల్లె నుంచి ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. ఆయన కొత్తవాడేం కాదు. వాళ్ళ పల్లె నూలంతా మూటగట్టుకుని ఏరు దాటి మా దగ్గరికి తెచ్చేది ఆయనే. నాయన ఆయన్ను అన్నా అనేవాడు, ఆయన నాయనను సాయిబూ అనేవాడు. నాకు పెద్దనాయన. ఎప్పుడూ మూటతో వచ్చే మనిషి ఆ రోజు వట్టి చేతులతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"సాయిబూ, మావోళ్ళు మగ్గాలు విప్పి అటక మీద పెడతాండారు. రంగు లేదు. తెల్లకోకలు నేస్తే ఎవురు కొంటారు? ఇంకొన్నాళ్ళు ఇట్లనే ఉంటే పల్లెలో సగం మంది బొంబాయి మిల్లులకు పోతారు," అన్నాడు.

"నూలు తీసుకురా అన్నా. నీలం అద్దిస్తా. ఇంకో రెండు బానలు ఎత్తుతా," అన్నాడు నాయన.

"అదే చెప్పబోతాండా. నూలు ఈడికి తెస్తే నాకాలో సుంకం. నువ్వు అద్ది పంపితే పరదేశపు సరుకంటారు, మళ్ళా సుంకం. వానాకాలమంతా ఏరు దాటనీదు. ఎట్ల బతకాల?" నేల చూస్తూ అన్నాడు. "నువ్వొచ్చి మా పల్లెలో ఒక బాన ఎత్తిపోవాల సాయిబూ. మావోళ్ళకు నేర్పిచ్చాల."

నీలిబాన పని మా కులం వాళ్ళు ఇంటి బయటికి చెప్పేది కాదు. ఇంటికి వచ్చే కోడలికి నేర్పేవాళ్ళు గాని, ఇంకో ఊరికి పోయే కూతురికి నేర్పేవాళ్ళు కాదు. మా సాయిబుల్లో ఆ వరస చెల్లుతుంది, నన్ను చిన్నాయన కొడుక్కే ఇస్తారని ముందే అనుకున్నారు కాబట్టి నాకు ఆ పని చేతికొచ్చింది.

పెద్దనాయన వెళ్ళిపోయాక చిన్నాయన రేగిపోయాడు. "అన్నా, మనకు పొలమా, పుట్రా? ఆ మడ్డి ఒక్కటే మన ఆస్తి. దాన్ని పరదేశపోళ్ళకు పోసేసి వస్తావా? నేర్చుకున్నాక మన గడప తొక్కుతారా వాళ్ళు?"

"తొక్కకపోతే తొక్కకపోనీ. వాళ్ళ మగ్గం నిలిచిపోతే మనం ఎవురికి అద్దాల, అది చెప్పు," అన్నాడు నాయన.

చిన్నాయన ఒప్పుకోలేదు. ఆ ఇద్దరూ కొన్నాళ్ళు ఒక కంచం దగ్గర కూర్చోలేదు.

వానలు వెలిశాక నాయన, అమ్మ, నేను పుట్టిలో ఏరు దాటాం. నా ఒళ్ళో మడ్డి కడవ, మూతికి గుడ్డ కట్టి. దాని వాసన తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. పుట్టివాడు మొహం పక్కకు తిప్పుకునే తెడ్డు వేశాడు. నాకాలో అధికారి గుడ్డ విప్పమన్నాడు, వంగి చూశాడు, చటుక్కున వెనక్కి జరిగాడు.

"ఇదేం బద్బూ? దీన్ని ఏం సరుకని రాయాలి?" అన్నాడు.

"రంగుపని చేసేటోళ్ళ తోడు హుజూర్. అమ్మేది కాదు," అన్నాడు నాయన.

"కంపుకు సుంకం లేదు, పోండి," అని చేయి ఊపాడు. అక్కడున్న బంట్రోతులు నవ్వారు. నాయన నవ్వలేదు. నా చేతిలోంచి కడవ తీసుకుని గట్టు ఎక్కినంత సేపూ తనే మోశాడు.

నేతపల్లెలో పెద్దనాయన ఇంటి వెనక దొడ్డిలో మాకు ఒక కొట్టం ఖాళీ చేసి ఇచ్చారు. మేం వండుకోవడానికి బియ్యం, పప్పు, కట్టెలు వాళ్ళే తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేవాళ్ళు. వాళ్ళ ఇంట్లోకి మేం పోయేవాళ్ళం కాదు, మా పొయ్యి దగ్గరికి వాళ్ళు వచ్చేవాళ్ళు కాదు. అది ఆ కాలపు పద్ధతి, ఎవరికీ కోపం లేదు. బాన మాత్రం దొడ్డి మధ్యలో పాతారు. దాని చుట్టూ అందరం చేరేవాళ్ళం.

నేర్చుకోవడానికి ముందుకు వచ్చింది పెద్దనాయన భార్య. నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. మాట తక్కువ మనిషి. సున్నం ఎంత, గింజలు ఎంత అన్నది తొందరగానే పట్టుకుంది. నీళ్ళ మీద రాగిరంగు తెట్టె ఎప్పుడు కడుతుందో, అడుగు నీళ్ళు ఎప్పుడు పసుపు తిరుగుతాయో కనిపెట్టింది. కానీ బాన పదును చివరికి చెప్పేది కన్నూ ముక్కూ కాదు, నాలుక. ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడాలి. తీపి ఎంత, మంట ఎంత అని. నాయన చూసి, అమ్మ చూసి, నేను చూసి చెప్పేవాళ్ళం. పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి నాయన కడవ వైపు తిరిగి ఏదో పని కల్పించుకునేవాడు. మా చేతులు పెట్టిన నీళ్ళు ఆమెను నోట్లో వేసుకోమని ఎలా చెబుతాడు?

ఒక పొద్దున బాన తేడా చేసింది. నాయనకు జ్వరం, కొట్టంలో పడుకుని ఉన్నాడు. అమ్మ ఏటికి పోయింది. నేను రుచి చూసి సున్నం పడాలన్నాను. పెద్దమ్మ కాసేపు అలాగే నిలబడింది. దొడ్డి గోడ దగ్గర వాళ్ళ బంధువుల ఆడవాళ్ళు ఇద్దరు నూలు ఆరేస్తున్నారు. వాళ్ళు చూస్తుండగానే వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"సున్నం కాదు పాపా, గింజలు. చప్పగా ఉండాది," అంది.

మళ్ళీ చూశాను. ఆమె చెప్పిందే నిజం. ఆ ఆడవాళ్ళు నూలు ఆరేయడం ఆపి మావైపే చూస్తున్నారు. పెద్దమ్మ వాళ్ళ మొహాలు చూడలేదు. పొయ్యి మీద గింజలు ఉడకేయడానికి వెళ్ళింది. సాయంత్రం నేను చెబితే నాయన లేచి కూర్చున్నాడు. "ఇంక మనం పోవచ్చు," అన్నాడు.

పోయే ముందు పెద్దనాయన, నాయన అరుగు మీద కూర్చుని మాట అనుకున్నారు. కాగితం లేదు, సాక్షులు లేరు. కడప నీలిమందు మేం తెచ్చి ఇవ్వాలి, వాళ్ళు వేరేచోట కొనకూడదు. వానాకాలమంతా వాళ్ళ బానలో వాళ్ళు అద్దుకోవాలి. ఏరు దిగాక నూలులో సగం మా ఒడ్డుకు పంపాలి. పెద్దనాయన చేయి చాపి నాయన చేతిలో వేశాడు.

సుంకం సంగతి మిగిలింది. ఇద్దరూ కలిసి నాకాకు ఎన్నిసార్లు తిరిగారో! "మీ నూలే తిరిగి వస్తోందని నాకేం నమ్మకం?" అని అధికారి అడిగేవాడు. దానికి దారి పెద్దనాయనకు తోచింది. చిలప చిలపకూ, అంటే ఒక్కో నూలు కట్టకూ, వాళ్ళ పల్లె గుర్తుగా ఒక దారంతో బిగించి ముడివేసేవాడు. రంగులో ముంచినా ముడి కింద నూలు తెల్లగానే మిగులుతుంది. నాకాలో ముడి విప్పి ఆ తెల్లచార చూపిస్తే, అది అవతలి ఒడ్డు నుంచి వచ్చిన నూలేనని రుజువు. అధికారి పైవాళ్ళతో మాట్లాడి, తిరిగి వచ్చేటప్పుడు సుంకం తీసేశాడు. మంచివాడే. నియమాన్ని కాదనకుండా సాయం చేయడానికి ఆయనకు ఒక ఆధారం కావలసి వచ్చింది, అంతే.

ఆ రెండు మూడేళ్ళూ ఏటికి రెండువైపులా పని ఆగలేదు. అటక ఎక్కిన మగ్గాలు దిగాయి. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు కూడా వచ్చి కలిశారు. కోయిలకుంట్ల మీదుగా వచ్చే కడప బండ్లవాళ్ళు ముందే మా ఇంటికి వచ్చి, మొగలాయికి ఎంత కావాలని అడిగేవాళ్ళు. చిన్నాయన మాత్రం, "సూస్తాండు, ఏదో ఒకనాడు సగం పావు అవుతాది, పావు సున్నా అవుతాది," అంటూనే ఉండేవాడు.

యుద్ధం ముగిసే రోజుల్లో విషజ్వరం వచ్చింది. దేశమంతా వచ్చిందని తర్వాత తెలిసింది. మాకు అప్పుడు మా వీధే దేశం. ముందు జేజి పోయింది. ఆమెను మట్టిచేసి వచ్చిన వారం తిరక్కముందే నాయన. స్నానం చేయించిన చిన్నాయన బయటికి వచ్చి గోడకు తల ఆనించి, "చేతులు ఎంత రుద్దినా తెల్లగా రాల్యా," అని ఏడ్చాడు. నీలి చేతులతోనే నాయనను కఫన్‌లో చుట్టారు.

అమ్మ బతుకుతుందనుకోలేదు. నేనూ మంచం పట్టాను. లేచి నడవగలిగాక దొడ్డిలోకి పోయి బాన మూత తీశాను. నల్లటి నీళ్ళు, కుళ్ళిన వాసన. అది మేం ఎరిగిన వాసన కాదు. చుక్క నాలుక మీద వేసుకుంటే చేదు. సున్నం వేశాను, గింజలు వేశాను. రోజూ చూశాను. ఏమీ కదల్లేదు. అమ్మతో చెప్పలేదు గాని, ఆమెకు తెలిసే ఉంటుంది. ఇంట్లో బాన వాసన లేకపోవడమే చెప్పింది.

పెద్దనాయన వచ్చేసరికి ఏరు దిగింది. తలకు తువాలు చుట్టుకుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. చేతిలో మూతికి గుడ్డ కట్టిన కడవ. అమ్మ అప్పుడు ఇద్దత్‌లో ఉంది. మొగుడు పోయిన ఆడది ఆ కొన్ని నెలలూ పరాయి మగవాళ్ళ ఎదుటికి రాకూడదు. గది వాకిలికి దుప్పటి కట్టి దాని వెనక కూర్చుంది. చిన్నాయన అరుగు మీద ఉన్నాడు.

"అమ్మా, సాయిబు పోయిన సంగతి మొన్న తెలిసె. పుట్టోళ్ళు గూడా పడకేసినారు. రాలేకపోతి," అన్నాడు పెద్దనాయన దుప్పటి వైపు చూడకుండా.

అమ్మ ఏడుపు వినబడింది. చిన్నాయన గొంతు బిరుసుగా ఉంది. "ఇంక ఈడ పనేముండాది లే అన్నా. అన్న పాయ, బాన పాయ. మీ నూలు మీరు అద్దుకుంటాండారు. మీకేం తక్కువ?"

"నేనొచ్చింది దానికే అప్పా. ఏరు దిగినాక సగం నూలు ఈడికొస్తాదని సాయిబుకు చెయ్యిచ్చినా. ఆయప్ప పోయినాడు గాని నా చెయ్యి పోలేదు గదా."

"అద్దేదెవురు?"

"ఈ పాప ఉండాదే. మా ఇంట్లోవాళ్ళకు సగం నేర్పిచ్చింది ఈ పాపే. ఇల్లంతా పడకేస్తే బాన నిలవదని తెలిసే ఇది తెచ్చినా," అని కడవ నా ముందు పెట్టాడు. గుడ్డ విప్పకముందే వాసన తెలిసింది. మా బాన వాసన.

దుప్పటి వెనక నుంచి అమ్మ అడిగింది. "అన్నా, వదిన ఎట్లుండాది? ఇంత గుర్తుపెట్టుకొని పంపింది. ఆయమ్మకు నా సలాం చెప్పు."

పెద్దనాయన తల మీది తువాలు తీశాడు. గొరిగిన తల మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి.

"ఆయమ్మ సాయిబు కంటే ముందే పాయమ్మా. బానను కోడలు చూసుకుంటాంది. జ్వరంలో గూడా ఆ పిల్లను పిలిచి, గింజలేసినావా, పొద్దున సూసినావా అని అడుగుతానే ఉండె," అన్నాడు. "ఆ పిల్లే తీసి ఇచ్చింది ఈ మడ్డి."

లోపలి నుంచి గాజులు లేని అమ్మ చెయ్యి దుప్పటి అంచును పట్టుకుని అలాగే ఉండిపోయింది. చిన్నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. కోపంతో వెళ్ళాడనుకున్నాను. పొద్దు వాలేలోగా సున్నం గంపతో, తగిరిస గింజల మూటతో తిరిగి వచ్చి దొడ్డిలో దించాడు. కుళ్ళిన నీళ్ళు ఎత్తి పారబోసి, బాన లోపలంతా తానే దిగి కడిగాడు. ఆ రోజూ, ఆ తర్వాతా, తాను అన్న మాట తప్పని మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు.

బాన నిలబడింది. తర్వాతి ఏడు నాకు పెళ్ళయింది. చిన్నాయన కొడుకు కాబట్టి ఇల్లు మారలేదు, పని మారలేదు. యుద్ధం అయిపోయాక మెల్లగా డబ్బా రంగులు మళ్ళీ వచ్చాయి. మిగతా రంగులకు అందరం వాటినే వాడాం. కడపలో నీలి పంట తగ్గింది. ముద్దల కోసం నా మొగుడు తిరగని ఊరు లేదు. ఏటి మీద రైలు వంతెన పడ్డాక పెద్ద షావుకార్ల సరుకు దాని మీద పోయింది. మా మూటలు పుట్టిలోనే పోయేవి. కొన్నేళ్ళు సగం నూలు వచ్చింది. కొన్నేళ్ళు పావు. ఒక కరువు ఏడు అసలు రాలేదు, ఆ ఏడు వాళ్ళ పశువులు మా ఒడ్డున చొప్ప మేశాయి. పెద్దనాయన పోయినప్పుడు మేం వెళ్ళాం. ఆయన కోడలు, నేను ఒకరినొకరం వదినా అనుకునేవాళ్ళం. వాళ్ళ బాన ఆమె చేతిలో, మా బాన నా చేతిలో.

ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయిన ఆగస్టులో మా వీధిలో పిల్లలు కాగితం జెండాలు పట్టుకుని తిరిగారు. అవతలి ఒడ్డున ఆ జెండా లేదు. నిజాం ఎటు కలిసేదీ తేలలేదని చెప్పుకునేవాళ్ళు. గట్టు మీద కొత్త పోలీసులు దిగారు. ఎవరు దాటుతున్నా ఎందుకని అడిగేవారు. పుట్టివాళ్ళు భయపడి పుట్లు బోర్లించారు. మా వీధిలో కూడా కొందరు మమ్మల్ని చూసే చూపు మారింది. మీ రాజ్యం అవతల ఉంది గదా అని ఒకాయన నా మొగుణ్ణి మొహం మీదే అన్నాడు. నా మొగుడు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

వరద రాకముందు వదిన పంపిన నూలు అద్ది, ఆరేసి, మూటలు కట్టి ఇంట్లోనే ఉంచాను. తీసుకుపోయేవాళ్ళు లేరు. ఎలుకలు కొట్టకుండా దూలానికి వేలాడదీశాను. వానలు పోయాయి, చలి వచ్చింది, ఏరు పాయలైంది. ఇక ఎవరూ రారని ఇంట్లోవాళ్ళు అన్నారు.

ఒక మధ్యాహ్నం వదినే వచ్చింది, ఒక్కతే, తడిసిన చీర కుచ్చిళ్ళతో. కొంగులో కట్టుకున్న తెల్లనూలు కొంచెం నా ముందు పెట్టింది.

"ఇంతే దొరికింది వదినా. ఇది అద్దిపెట్టు. ఎప్పుడొస్తానో చెప్పలేను," అంది.

"ఆడ ఎట్లుండారు?"

"భయంగా ఉండారు. మగ్గాలు మాత్రం ఆడతాండాయి." కుచ్చిళ్ళు పిండుకుంటూ అడిగింది. "మీకు స్వతంత్రం వచ్చినాదంట గదా. ఎట్లుండాది?"

"మాకూ ఇంకా తెలియలా వదినా," అన్నాను.

పొద్దు వాలితే గట్టు మీద ఆపుతారని ఆమె కూర్చోలేదు. మూటలు అంత దూరం ఆమె ఒక్కతే మోయలేనివి. నెత్తిన ఒకటి ఆమె, ఒకటి నేను ఎత్తుకుని ఇసుకలో నడిచాం. మొదటి పాయ దాటాం, రెండోది దాటాం. అవతలి గట్టు దగ్గర ఒక పోలీసు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఇక్కడి నుంచి నేను పోతాలే అంది వదిన. రెండో మూట కూడా ఆమె నెత్తిన సర్ది, గట్టు ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను. పోలీసు మూట విప్పించాడు. ఆమె ఏదో చెబుతోంది, తన నీలి చేతులు చూపిస్తోంది. చాలాసేపటికి అతను పక్కకు తప్పుకున్నాడు.